డయాలసిస్ రోగి దురదను అడిగేవారేరీ?

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన మనిషి ప్రాణాన్ని డయాలసిస్ యంత్రం నిలబెడుతుంది. అయితే ఆ యంత్రం తీర్చలేని బాధలు కొన్ని వున్నాయి. వాటిలో ఒంటి దురద ఒకటి. పగలు ఏదో విధంగా ఓర్చుకున్నా, చీకటి పడేసరికి వీపు, చేతులు, కడుపు, తల ఒకటే దురద. తెల్లవార్లూ గోక్కోవడం, గోకిన చోటల్లా నెత్తురు రావడం, కంటిమీద కునుకు లేకుండానే పొద్దున్నే దవాఖానాకు బస్సెక్కడం - డయాలసిస్ మీద ఆధారపడి బతుకుతున్న వారిలో ఎందరికో ఇది తెలిసిన బాధే. అయినా ఈ సంగతి రోగి నోరు తెరిచి చెప్పడు. వైద్య సిబ్బంది అడగరు. నాలుగు గంటలసేపు ఒకే గదిలో వున్నా ఇద్దరి మధ్యా ఈ మాట రాదు. కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల డయాలసిస్ కేంద్రాలలో ముందుగా మారవలసింది ఈ పరిస్థితే.

ఇది ఎవరో కొద్దిమంది గోడు అనుకుంటే పొరపాటు. 12 దేశాలలో 18 వేలకు పైగా డయాలసిస్ రోగులను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో నూటికి 42 మంది చెప్పుకోదగిన దురదతో బాధపడుతున్నట్టు తేలింది. దురద ఎక్కువగా వున్నవారికి నిద్ర కరువవుతుందనీ, దిగులు పెరుగుతుందనీ, వారిలో మరణాలు కూడా కొంత ఎక్కువగా వుంటాయనీ ఆ అధ్యయనమే చెప్పింది. 2017లో వెలువడిన మరో అధ్యయనం ఇంకా ఆలోచింపజేసేది. దాదాపు ఎల్లవేళలా దురదతో బాధపడే వారిలో నూటికి 17 మంది ఆ సంగతి దవాఖానాలో ఎవరికీ చెప్పనే లేదట. డయాలసిస్ కేంద్రాలను నడిపే వైద్యాధికారులలో నూటికి 69 మంది తమ కేంద్రంలో దురదతో బాధపడేవారు అసలు వున్నదానికంటే తక్కువ మందేనని అనుకున్నారట. అన్ని వసతులూ వున్న సంపన్న దేశాల సంగతే ఇట్లా వుంటే, పొద్దున బయలుదేరి పొద్దుగూకే వేళకు ఊరు చేరే మన పల్లె రోగుల సంగతి చెప్పనక్కరలేదు.

అసలు ఈ దురద ఎందుకు వస్తుంది? మూత్రపిండాలు వడపోసి బయటికి పంపవలసిన మలినాలు రక్తంలో పేరుకుపోతాయి. యంత్రం వాటిలో కొన్నింటిని మాత్రమే తీయగలదు. రక్తంలో భాస్వరం పెరుగుతుంది. దురద కబురును మెదడుకు మోసే నరాల తీరు మారుతుంది. చర్మంలోని చెమట గ్రంథులు, నూనె గ్రంథులు కుంచించుకుపోయి ఒళ్లు ఎండిన చెరువు మట్టిలా పొడిబారుతుంది. ఈ కారణాలన్నీ కలిసి దురద పుట్టిస్తాయని వైద్యులు చెబుతారు. అంటే ఇది చర్మంలో పుట్టిన రోగం కాదు. లోపలి రోగం చర్మం మీద కనిపించడం. మామూలు చర్మవ్యాధిలో ముందు పొక్కు లేచి, తర్వాత దురద పెడుతుంది. ఇక్కడ ముందు దురద పెడుతుంది, గోళ్ల గీతల వల్ల తర్వాత పుండు పడుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం అపోహలు పోతాయి.

ఆ అపోహల వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఒంటినిండా గోకుడు మచ్చలు, నల్లబడిన చర్మం చూసి ఇంట్లోవారు గజ్జి అనుకుంటారు. కొందరు అంతకంటే పెద్ద రోగాన్నే అనుమానిస్తారు. మంచం వేరుగా వేయడం, కంచం, చెంబు వేరు చేయడం, పసిపిల్లలను దగ్గరికి పోనీయకపోవడం - ఇవి రోగిని దురదకంటే ఎక్కువ కుంగదీస్తాయి. వారానికి రెండు మూడు రోజులు యంత్రానికే పోగా మిగిలిన రోజులలో ఆ మనిషికి కావలసింది నలుగురి మధ్య కూర్చునే భాగ్యం. మూత్రపిండాల జబ్బు వల్ల వచ్చిన దురద ముట్టుకుంటే అంటదు. బట్టలవల్ల అంటదు, కంచంవల్ల అంటదు, పక్కన పడుకుంటే అంటదు. ఈ మాట రోగి చెబితే ఇంట్లో నమ్మకపోవచ్చు. డయాలసిస్ కేంద్రంలోని డాక్టరు, ఊళ్లోని ఆశా కార్యకర్త చెబితే నమ్ముతారు. చెప్పవలసిన బాధ్యత వారిదే.

అయితే డయాలసిస్ రోగికి నిజంగా గజ్జి రాకూడదని ఏమీ లేదు. ఇంట్లో మరో ఇద్దరు ముగ్గురికి కూడా దురద వుండి, వేళ్ల సందులలో, నడుము దగ్గర చిన్న పొక్కులు కనిపిస్తే అది గజ్జే కావచ్చు. దానికి పెర్మెత్రిన్ వంటి పూతమందు వుంది, ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకుంటే పోతుంది. గుండ్రంగా అంచు కట్టి పాకేది తామర కావచ్చు. ఏది ఏదో తేల్చవలసింది డాక్టరే. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే కలగలుపు పూతమందులలో స్టెరాయిడ్ వుంటుంది. రాసిన రెండు రోజులు హాయిగా వున్నట్టుంటుంది, తర్వాత తామర మొండిదవుతుంది, చర్మం పలచబడుతుంది. దురదకని వేయించుకునే స్టెరాయిడ్ సూదిమందు సంగతీ అంతే. షుగరు, రక్తపోటు వున్నవారికి అది కొత్త ముప్పు తెచ్చిపెడుతుంది. ఇక రక్తశుద్ధి పేరుతో అమ్మే పసర్లు, భస్మాలు మింగడం మరీ ప్రమాదం. వాటిలో సీసం, పాదరసం వంటివి వుంటే బయటికి పంపేందుకు ఆ ఒంట్లో పనిచేసే మూత్రపిండమే లేదు. కొందరికి ఇంకా కొద్దో గొప్పో మూత్రం వస్తుంటుంది. ఆ మిగిలిన కాస్త శక్తి కూడా వీటివల్ల పోతుంది.

మరి రోగి చేయగలిగింది ఏమిటి? ఇంట్లోనే, పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని వున్నాయి. మొదటిది చర్మాన్ని పొడిబారనీయకపోవడం. ఆదిలాబాద్ చలి రాష్ట్రంలోనే పేరుమోసింది. ఆ చలికి కాగులో మరిగిన నీళ్లు ఒంటిమీద పోసుకుంటే అప్పటికి సుఖంగానే వుంటుంది. కాని వేడినీళ్లు చర్మంలో మిగిలిన కాస్త నూనెనూ కడిగేస్తాయి, రాత్రికి దురద రెట్టింపవుతుంది. గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించాలి. సబ్బు తక్కువగా వాడాలి. పీచుతో, సున్నిపిండితో రుద్దకూడదు. ఒళ్లు తుడుచుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనె గాని, వాసన లేని వాజలిన్ గాని, గ్లిజరిన్ కలిసిన క్రీము గాని ఒంటినిండా రాసుకోవాలి. పడుకునే ముందు మరోసారి రాసుకోవాలి. ఒకరోజు రాసి ఫలితం లేదని మానేస్తే లాభం లేదు, నిత్యం అన్నం తిన్నట్టే ఇదీ నిత్యం చేయాలి. రామగుండం, మంచిర్యాల ఎండలలో చెమటకు, ఉక్కకు దురద పెరుగుతుంది. పలుచని నూలు బట్టలు కట్టడం, దురద పుట్టిన చోట గోకడానికి బదులు తడిబట్ట వేయడం మేలు. గోళ్లు ఎప్పటికప్పుడు కత్తిరించుకోవాలి.

రెండవది తిండి. రక్తంలో భాస్వరం పెరగకుండా చూసుకోవాలి. సీసాలలో అమ్మే నల్లని కూల్‌డ్రింకులు, ప్యాకెట్లలో దొరికే నిలవ తిండ్లలో కలిపే భాస్వరం దాదాపు మొత్తం రక్తంలోకి ఎక్కుతుంది. పప్పులు, జొన్నలలో సహజంగా వున్నదానిలో కొంత భాగమే ఎక్కుతుంది. కనుక జొన్నరొట్టె మాని ప్యాకెట్టు తిండికి మారడం బుద్ధితక్కువ పని. కార్జం, ఎండు చేపలు, పాలు మితంగా తీసుకోవాలి. అట్లాగని మాంసకృత్తులు పూర్తిగా మానేస్తే కండ కరిగిపోతుంది, ఎంత తినాలో డాక్టరు చెప్పినట్టు తినాలి. భాస్వరాన్ని పట్టి వుంచేందుకు ఇచ్చే సెవెలమర్, కాల్షియం అసిటేట్ వంటి మాత్రలను భోజనంతో పాటు వేసుకోవాలి. అన్నం తిన్న రెండు గంటలకు గుర్తొచ్చి వేసుకుంటే ఆ మాత్ర డబ్బు దండగే. కడుపులో తిండి వున్నప్పుడే దానికి పని వుంటుంది.

మూడవది డయాలసిస్ పూర్తిగా చేయించుకోవడం. ఊరికి పోయే ఆఖరు బస్సు తప్పిపోతుందని అరగంట, గంట ముందే యంత్రం ఆపించుకునేవారు వుంటారు. పండుగ వచ్చిందని, పత్తి ఏరే రోజులని ఒక తడవ మానుకునేవారూ వుంటారు. తగ్గించుకున్న ప్రతి గంటా మలినంగా ఒంట్లోనే మిగిలిపోతుంది. దురద ఎక్కువైనప్పుడు డాక్టరు మొదట చూసే వాటిలో డయాలసిస్ సరిపోతున్నదా లేదా అన్నది ఒకటి. బస్సు వేళలకూ ఒంటి దురదకూ సంబంధం ఏమిటని నవ్వుకోనక్కరలేదు. దూరపు ఊళ్ల రోగులకు పొద్దుటి వంతు కేటాయిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అది కేంద్రం నిర్వాహకుల చేతిలోని పని.

ఇవన్నీ చేసినా తగ్గని వారికి మందులు లేకపోలేదు. సాధారణంగా దురదకు వాడే అవిల్, సెట్రిజిన్ వంటి మాత్రలు ఈ దురదకు అంతగా పనిచేయవు, మత్తు మాత్రం కలిగిస్తాయి. నరాల మీద పనిచేసే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ అనే మందులు చాలామందికి ఉపశమనం ఇస్తున్నాయి. కాని ఈ మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. అందువల్ల డయాలసిస్ రోగికి అతి తక్కువ మోతాదులో, డయాలసిస్ అయిన తర్వాత ఇస్తారు. నడుము నొప్పికి పక్కింటాయన వాడే మోతాదు ఈ రోగి వేసుకుంటే తూలిపడటం, మగతలోకి జారుకోవడం ఖాయం. కనుక ఇది డాక్టరు చీటీ లేకుండా తాకకూడని మందు. అతినీల కిరణాలను చర్మం మీద పడనిచ్చే చికిత్స వల్ల ఈ దురద తగ్గుతుందని 1970 దశకంలోనే అమెరికా వైద్యులు చూపారు. ఈ దురద కోసమే ప్రత్యేకంగా తయారైన డైఫెలికెఫాలిన్ అనే సూదిమందుకు 2021లో అమెరికాలో అనుమతి లభించింది. మూత్రపిండం మార్పిడి జరిగి అది చక్కగా పనిచేస్తే దురద చాలావరకు పోతుంది. అంటే ‘కిడ్నీ జబ్బన్నాక దురద వుంటుంది, ఓర్చుకోవాలె’ అన్న మాటకు ఈ రోజున ఆధారం లేదు.

దురదను ఓర్చుకోమనడంలో మరో ప్రమాదం వుంది. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా చేయి రోగికి ప్రాణసమానం. ఆ చేతి మీద గోళ్లతో గోకితే చర్మం చిట్లి, సూక్ష్మక్రిములు నేరుగా రక్తంలోకి దిగవచ్చు. సూది గుచ్చిన చోట కట్టిన పక్కును గిల్లకూడదు. ఆ చేయి ఎర్రబడినా, వేడెక్కినా, చీము కనిపించినా, చలిజ్వరం వచ్చినా మరుసటి వంతు దాకా ఆగకుండా ఆ రోజే దవాఖానాకు పోవాలి. ఫిస్టులా పైచర్మం పలచబడి నిగనిగలాడుతున్నా వెంటనే చూపించాలి. ఎప్పుడైనా అక్కడినుంచి నెత్తురు చిమ్మితే శుభ్రమైన బట్ట పెట్టి వేలితో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి, 108కి ఫోను చేయాలి. ఈ సంగతి రోగికే కాదు, ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి వుండాలి.

దురద ఒక్కటే కాదు, చర్మం ఇంకా ఎన్నో సంగతులు చెబుతుంది. ఎండ తగిలే చోట నల్లబడటం, రక్తహీనతతో పాలిపోవడం, గోరు మొదటి సగం తెల్లగా, కొస సగం ఎర్రమన్ను రంగులో కనిపించడం మామూలే. వాటికి భయపడనక్కరలేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల చిన్న దెబ్బకే కమిలిన మచ్చలు పడతాయి. షుగరు కూడా వున్న కొందరికి కాళ్లమీద, చేతులమీద నడుమ గట్టి పిడచ వున్న పొక్కులు లేస్తాయి. గోకిన కొద్దీ అవి కొత్తచోట పుడతాయి. తొడమీద, పొట్టమీద ఊదారంగు మచ్చ ఏర్పడి, గట్టిపడి, విపరీతంగా నొప్పి పెడితే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. చర్మానికి రక్తం తెచ్చే సన్నని నాళాలలో సున్నం పేరుకున్నప్పుడు అట్లా జరుగుతుంది. అరుదుగా వచ్చేదే అయినా అది ప్రాణాపాయకరమైన జబ్బు. దురద పెట్టే మచ్చకంటే నొప్పి పెట్టే మచ్చకు ఎక్కువ భయపడాలన్నది గుర్తు పెట్టుకోవలసిన మాట.

ఒకప్పుడు ఈ రెండు జిల్లాలవారు డయాలసిస్ కోసం హైదరాబాద్ దాకా పోవలసి వచ్చేది. ఇల్లు, పొలం అమ్ముకున్నా కొన్ని నెలలు కూడా సాగేది కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తర్వాత ఇక్కడికీ వచ్చి ఆ ఖర్చును పేదల నెత్తిమీద నుంచి తొలగించింది. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ వంటి చోట్ల ప్రభుత్వ దవాఖానాలలోనే యంత్రాలు వచ్చాయి. 2022లో డయాలసిస్ రోగులకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను ప్రకటించారు. బీడీలు చుట్టే తల్లులకు, మగ్గం మీద బతికే వారికి, గల్ఫు నుంచి జబ్బుతో తిరిగివచ్చిన వారికి, ఉట్నూరు, తిర్యాణి వైపు గూడేలవారికి ఇవన్నీ ఊరట కలిగించిన చర్యలే. ప్రాణం నిలబెట్టే ఏర్పాటు జరిగింది. ఆ నిలబడిన ప్రాణం సుఖంగా నిద్రపోయే ఏర్పాటు ఇంకా మిగిలి వుంది.

ఆ పనికి కొత్తగా భవనాలు కట్టనక్కరలేదు. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను విడదీయగా ఏర్పడిన కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ - ఈ ఎనిమిది జిల్లాలలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల వుంది. ఆదిలాబాద్ రిమ్స్ 2008 నుంచి పనిచేస్తున్నది. మంచిర్యాల, జగిత్యాల, రామగుండం కళాశాలలు 2022లో, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ కళాశాలలు 2023లో మొదలయ్యాయి. వైద్య కళాశాల అన్నచోట చర్మవ్యాధుల విభాగం వుండి తీరాలి. ఆ విభాగపు డాక్టరు నెలకు ఒక్క పూట డయాలసిస్ కేంద్రానికి నడిచి వస్తే చాలు. యంత్రం మీద వున్న రోగి నాలుగు గంటలు కదలకుండా పడుకునే వుంటాడు. చర్మ వైద్యుని కోసం మరో రోజు బస్సు ఛార్జీలు పెట్టుకుని, వరుసలో నిలబడవలసిన అగత్యం అతనికి తప్పుతుంది.

ప్రతి కేంద్రంలో డయాలసిస్ మొదలుపెట్టే ముందు బరువు చూస్తారు, రక్తపోటు చూస్తారు. వాటితోపాటు ఒక్క ప్రశ్న చేర్చాలి: ‘దురద ఎట్లుంది? రాత్రి నిద్ర పట్టిందా?’ పాశ్చాత్య దేశాలలో సున్న నుంచి పది వరకు అంకె చెప్పమంటారు. మన పెద్దలకు అంకెలకంటే అణాల లెక్క సులువు. పదహారణాలలో ఎన్ని అణాల దురద అని అడిగితే ఏ ముసలవ్వ అయినా చెబుతుంది. ఆ మాటను కేసు కాగితంలో రాసి, నెల నెలా పెరిగిందా తరిగిందా చూస్తే సగం వైద్యం జరిగినట్టే. గ్లిజరిన్, వాజలిన్ పూతమందులను, డాక్టరు రాసే దురద మాత్రలను డయాలసిస్ కేంద్రంలోనే ఉచితంగా ఇవ్వాలి. యంత్రానికి, వడపోత గొట్టానికి ప్రభుత్వం పెట్టే ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు. పింఛను సొమ్ములో కొంత పనికిరాని పూతమందులకు పోకుండా ఆగుతుంది.

ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఈ విషయం మీద ఒక్క పూట శిక్షణ ఇస్తే వారు తమ ఊళ్లలోని డయాలసిస్ రోగుల ఇళ్లకు పోయి, ఇది అంటురోగం కాదని ఇంటివారికి నచ్చజెప్పగలరు. ఊళ్లో మొదటి సూదిమందు వేసే ఆర్.ఎం.పి.లు కూడా ఈ రోగుల విషయంలో చేయి బిగబట్టి దవాఖానాకు పంపడం మంచిది.

రోగులు తమవంతు ధైర్యం చేయవలసి వుంది. ప్రాణానికే ముప్పున్నప్పుడు దురద గురించి చెబితే డాక్టరు విసుక్కుంటాడేమో అన్న జంకు చాలామందిలో వుంటుంది. చెప్పుకోవడానికి సిగ్గుపడే చోట దురద వుంటే ఆడవాళ్లు మరీ దాచుకుంటారు. వారితో నర్సు చాటుగా మాట్లాడాలి. నిద్ర లేని రోగికి తిండి సహించదు, మందులు వేళకు గుర్తుండవు, బతుకు మీదే విరక్తి పుడుతుంది. అట్లా విరక్తి చెంది డయాలసిస్‌కే రావడం మానుకుంటే, లక్షలు వెచ్చించి నిలబెట్టిన ప్రాణం గోళ్లకొసన జారిపోయినట్టే. దురదను చిన్న విషయంగా చూడకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. రోగి చెప్పేదాకా ఆగకుండా, రేపటి వంతులోనే ఆ ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెడితే ఎనిమిది జిల్లాల పల్లెలలో ఎన్నో ఇళ్లకు రాత్రి నిద్ర దక్కుతుంది.